డెల్టాలో గ్రీన్ ప్లాన్ మురుగు డ్రెయిన్ దగ్గర మొదలవ్వాలి

నమస్కారమండి.

పంచాయతీకి గ్రీన్ ప్లాన్ రాయమంటే కాగితం మీదికి వచ్చేవి రెండే. ఇన్ని వందల మొక్కలు నాటుతాం, ఆఫీసు మీద సోలార్ పెడతాం. రెండూ మంచి పనులే. వాటితోనే ప్లాన్ అయిపోయింది అనుకోవడం దగ్గరే నాకు చిరాకు. గోదావరి డెల్టాలో విడివిడిగా రాసుకున్న పనులు ఒకదాన్నొకటి చెడగొడతాయి. అదెలాగో చూపించడానికి ఈ వీడియో అంతా ఒక్క డ్రెయిన్ గట్టు వెంబడే నడుద్దాం.

[తెర మీద: చేత్తో గీసిన మ్యాప్. మెరక మీద పంట కాలువ, పల్లంలో డ్రెయిన్, చివర మొగ]

దీనికి పేరు పెట్టడం లేదు. ఉండి వైపు వాళ్లు మీ డ్రెయిన్ అనుకోండి, ఉప్పలగుప్తం వైపు వాళ్లు మీదే అనుకోండి. పైన వరి, మధ్యలో ఓ చిన్న టౌను, దాని కింద రొయ్యల చెరువులు, ఆ తర్వాత మొగ, అంటే డ్రెయిన్ సముద్రంలో కలిసే చోటు.

కాలువ మెరకన, మురుగు పల్లాన. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి మన డెల్టా నడిచేది ఈ లెక్క మీదే. దాదాపు 10 లక్షల ఎకరాలకు పారి మిగిలిన నీళ్లు, వాటి మీద పడిన వాన కూడా, దిగాల్సింది ఆ పల్లపు దారుల్లోంచే. జూన్‌లో కాలువకి నీళ్లు వదిలితే పేపర్లో ఫొటో వస్తుంది. డ్రెయిన్ లాగుతోందా లేదా అన్నది మాత్రం చేలు మునిగాకే వార్త. 2011లో కోనసీమ రైతులు సార్వా, అంటే వానాకాలం వరి, వేయకుండా క్రాప్ హాలిడే ప్రకటించినప్పుడు గిట్టుబాటు ధర, కూలీల ఖర్చుతో పాటు మురుగు దిగకపోవడం గురించి కూడా మొత్తుకున్నారు.

ఇప్పుడు డ్రెయిన్ మధ్యలోకి, చెరువుల దగ్గరికి రండి.

వనామీ రకం రొయ్యల చెరువులో వేసిన మేతంతా రొయ్య తినదు. మిగిలింది అడుక్కి చేరి కుళ్లుతుంది. కుళ్లేటప్పుడు నీళ్లలో ఆక్సిజన్ లాగేస్తుంది. డీవో, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, పడిపోతుంది, రొయ్య తేలుతుంది, రైతుకి టెన్షన్. వెంటనే నీళ్లలోకి గాలి కలిపే ఏరేటర్లు తిప్పాలి, అంటే కరెంటు. కరెంటు పోతే జనరేటర్, అంటే డీజిల్. పట్టుబడి రోజున ఆ అడుగు నీళ్లు, ఆ బురద ఎక్కడికి పోతాయి? శుద్ధి చేసే ఏర్పాటు లేని చోట నేరుగా మన డ్రెయిన్‌లోకే. అక్కడా అదే కథ. ఉన్న ఆక్సిజన్ తినేసి నత్రజని, భాస్వరం వదులుతుంది. టౌను మురుగు దానికి తోడు. ఆ బలంతో గుర్రపు డెక్క అనే నీటి కలుపు ఈ గట్టు నుంచి ఆ గట్టుకి అల్లుకుపోతుంది. డెక్క పట్టిన డ్రెయిన్ వాన నీళ్లని లాగలేదు, పైన వరి మునుగుతుంది. వరసగా రెండు మూడు సార్వాలు మునిగిన రైతు ఏం చేస్తాడండి? చేను లీజుకిచ్చేస్తాడు. అదీ చెరువవుతుంది. ఆ చెరువు నీళ్లూ ఈ డ్రెయిన్‌లోకే.

రొయ్యల రైతుని తప్పు పట్టడానికి ఇది చెప్పడం లేదు. డెల్టాలో ఎన్నో కుటుంబాలు ఆ చెరువుల మీద బతుకుతున్నాయి. ఒక్క రైతు తన చెరువు మార్చుకున్నంత మాత్రాన ఈ తిరగలి ఆగదనే చెబుతున్నాను.

ఇందులో ఎన్ని ఆఫీసులున్నాయో లెక్కపెట్టండి. చెరువు సంగతి మత్స్యశాఖది. కరెంటు పంపిణీ సంస్థది, అంటే డిస్కంది. నీళ్లు చెడ్డాయంటే కాలుష్య నియంత్రణ మండలి. డ్రెయిన్ జలవనరుల శాఖది. టౌను మురుగు మున్సిపాలిటీది, గట్టు మీద పోసే చెత్త పంచాయతీది. మునిగిన పంట లెక్క వ్యవసాయ శాఖ రాసుకుంటుంది. ఎవరి ప్లాన్ వాళ్లకుంది. మన డ్రెయిన్ కోసం రాసిన ప్లాన్ మాత్రం ఎవరి దగ్గరా లేదు.

[తెర మీద: చెరువు, పగలు ఒక వైపు, రాత్రి ఒక వైపు]

ఇప్పుడు సోలార్ సంగతి. ఆక్వాకి సోలార్ పెట్టేస్తే సరిపోతుందని చాలా చోట్ల వింటున్నాను. చెరువులో ఆక్సిజన్ అన్నిటికన్నా తక్కువుండేది ఎప్పుడు? తెల్లవారుజామున. పగలు ఎండ ఉన్నంతసేపూ నీళ్లలో తేలే సూక్ష్మమైన నాచు, అంటే ప్లాంక్టన్, ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అదే ప్లాంక్టన్ ఆక్సిజన్ పీలుస్తుంది. అంటే ఏరేటర్లు గట్టిగా తిరగాల్సింది సూర్యుడు లేని వేళ. ప్యానెళ్లు పెట్టి లైను తీసేస్తామంటే చెరువు పోతుంది. పగలు గ్రిడ్‌కి ఇచ్చి రాత్రి తీసుకునే నెట్ మీటరింగ్ కావాలి, లేకపోతే బ్యాటరీ కావాలి. దానికి ఆ ఫీడర్, ఆ ట్రాన్స్‌ఫార్మర్ తట్టుకోవాలి. అది డిస్కం వాళ్లతో కూర్చుంటేనే తేలుతుంది.

అంతకన్నా చవకైన దారి చెరువు అడుగునే ఉంది. మేత వృథా తగ్గించి, పిల్ల పలచగా వేసి, మధ్యమధ్యలో అడుగు బురద తీసేస్తే ఏరేటర్లు తక్కువ తిరుగుతాయి. అదే పనితో డ్రెయిన్‌లోకి పోయే మురికీ తగ్గుతుంది. కరెంటు బిల్లు, డ్రెయిన్ మురికి రెండూ ఒకే బురదలో పుడుతున్నాయండి! మరి దీన్ని ఇంధన ప్లాన్‌లో రాయాలా, నీటి ప్లాన్‌లో రాయాలా? రెండింటికీ ఒకే కాగితం ఉండాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

డ్రెయిన్ వెంట ఇంకాస్త పైకి, వరి దగ్గరికి వెళ్దాం. నీళ్లు నిలిచిన చేలో గాలి అందని మట్టి మీథేన్ పుట్టిస్తుంది. వందేళ్ల లెక్కన చూస్తే అది కార్బన్ డయాక్సైడ్ కన్నా దాదాపు 28 రెట్లు ఎక్కువ వేడెక్కిస్తుంది. దీనికి శాస్త్రవేత్తలు చెప్పే పద్ధతి, తడి పెట్టడం, ఆరనివ్వడం. చేలో చిల్లుల గొట్టం పాతి, నీటిమట్టం నేల కింద 15 సెంటీమీటర్ల దాకా దిగాక మళ్లీ తడి ఇవ్వాలి. పూత సమయంలో మాత్రం నీళ్లు ఉంచాలి. దాళ్వాలో, అంటే రెండో పంటలో, ఇది చేయొచ్చు, కాలువ నీళ్ల వంతు చెప్పిన రోజుకి వస్తుందన్న నమ్మకం ఉంటే. ఆ నమ్మకం లేని శివారు రైతు వచ్చిన నీళ్లని వచ్చినప్పుడే నిండా పెట్టుకుంటాడు, అందులో తప్పేముంది? సార్వాలో అసలు చేను ఆరాలంటే చేను పక్కన మురుగు బోదె, అంటే చిన్న కాలువ, దిగాలి, బోదె దిగాలంటే డ్రెయిన్ లాగాలి. డెక్క తీయకుండా గొట్టాలు పంచితే ఆ గొట్టంలో ఎప్పుడు చూసినా నీళ్లే కనబడతాయి. మీథేన్ తగ్గించే పని కూడా మన డ్రెయిన్ దగ్గరికే వచ్చింది చూశారా.

మొక్కలూ అంతే. రెండు గట్ల మీదా నాటితే పూడిక తీసే పొక్లెయిన్‌కి దారి ఉండదు, ఆ ఏడాది చెట్లే కొట్టేస్తారు. ఒక గట్టు యంత్రానికి వదిలి రెండో గట్టున నాటాలి. మొగ దగ్గర, ఆటుపోటు నీళ్లు అందే చోట మడ చెట్లు వేయాలి. వాటి వేళ్లు ఒండ్రుని పట్టుకుంటాయి, అలల జోరు తగ్గిస్తాయి. పైన కట్టిన ఆనకట్టల్లో ఒండ్రు ఆగిపోయి మన తీరానికి చేరేది తగ్గింది కాబట్టి ఈ పని ఇంకా ముఖ్యం. మొగలో ఇసుక మేట వేస్తే డ్రెయిన్ నోరు మూసుకుపోతుంది, తెరిచి ఉంటే పోటు వేళ ఉప్పునీళ్లు పైకి ఎగదన్నుతాయి. సముద్రమట్టం పెరిగే కొద్దీ, అసలే వాలు తక్కువైన మన డ్రెయిన్‌కి ఇది ఇంకా కష్టం.

ఇలా కలిపి ప్లాన్ చేయడం ఎక్కడైనా జరిగిందా అంటే, జరిగింది. యూరప్‌లో 2008లో కవెనెంట్ ఆఫ్ మేయర్స్ మొదలైంది. ఊళ్లు ఇష్టపడి చేరతాయి, ముందు తమ ఉద్గారాల లెక్క తీస్తాయి, తర్వాత ప్లాన్ ఇస్తాయి. మొదట్లో ఇంధనం ఒక్కటే చూసేవారు. 2015 నుంచి వరదల్ని, ఎండల్ని తట్టుకునే పనులు కూడా అదే ప్లాన్‌లో కలిపారు. నాకు బాగా నచ్చింది ఇంకొకటి. సొంత నిపుణులు లేని చిన్న ఊళ్లకి పై స్థాయి ప్రభుత్వాలు సమన్వయకర్తలుగా నిలబడి ప్లాన్ రాయడంలో సాయపడతాయి. మన పక్కనే, కేరళలో వయనాడ్ జిల్లా మీనంగాడి పంచాయతీ 2016లో కార్బన్ న్యూట్రల్ పని, అంటే వదిలినంత కార్బన్‌ని తిరిగి పట్టుకునే పని, మొదలుపెట్టింది, అక్కడా లెక్కతోనే.

మరి మనకి అలాంటి ఏర్పాటు లేదా? రాజ్యాంగంలోనే ఉంది! 243జడ్‌డి అధికరణం. ప్రతి జిల్లాకీ ప్రణాళికా కమిటీ ఉండాలి, సభ్యుల్లో కనీసం ఐదింట నాలుగు వంతులు జిల్లా పరిషత్, మున్సిపాలిటీల్లో ఎన్నికైన వాళ్ల నుంచే రావాలి. ఆ కమిటీ ప్లాన్ రాసేటప్పుడు పంచాయతీలకీ మున్సిపాలిటీలకీ ఉమ్మడిగా సంబంధించిన విషయాలు చూడాలి: నీళ్లూ ప్రకృతి వనరులూ పంచుకోవడం, మౌలిక సదుపాయాల సమగ్ర అభివృద్ధి, పర్యావరణ పరిరక్షణ. మన డ్రెయిన్ కోసమే రాసినట్టు లేదూ? 11వ షెడ్యూల్లో పంచాయతీలకి చెప్పిన 29 అంశాల్లో నీటి నిర్వహణ, చేపల పెంపకం, సామాజిక అడవులు, సంప్రదాయేతర ఇంధనం అన్నీ ఉన్నాయి. ఉన్నదాన్ని వాడుకోమని జిల్లా పెద్దల్ని అడగడం మన హక్కు.

టైమ్ అయిపోతోంది, పనులు గబగబా చెప్పేస్తాను.

ఒకే డ్రెయిన్‌లోకి మురుగు వదిలే పంచాయతీలు, ఆ టౌను మున్సిపాలిటీ ఒక జట్టు కట్టాలి. మండలం హద్దు చూడొద్దు. కరెంటు యూనిట్లు డిస్కం నుంచి, సాగు వివరాలు నీటి సంఘాల నుంచి తీసుకోవాలి. డ్రెయిన్ నీళ్లని పైన, మధ్యలో, మొగ దగ్గర పరీక్షించాలి, సార్వాలో ఒకసారి, దాళ్వాలో ఒకసారి. దగ్గర్లోని కాలేజీ పిల్లలు చేయగల పనే ఇది. చెరువులకి ఉమ్మడి శుద్ధి చెరువు కావాలి, స్థలం ముందే చూసుకోవాలి. తీసిన డెక్కని గట్టు మీదే వదిలేస్తే వానకి మళ్లీ నీళ్లలోకే జారుతుంది, చెత్త నుంచి సంపద కేంద్రానికి తరలించి కంపోస్టు చేయాలి. డబ్బు విషయం: 15వ ఆర్థిక సంఘం 2021-26కి పంచాయతీలకిచ్చిన నిధుల్లో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే కట్టేసింది. ఇళ్ల మురుగు డ్రెయిన్‌లో కలవకుండా ఆపడం కూడా పారిశుద్ధ్యమే కదా, అక్కడి నుంచి మొదలుపెట్టొచ్చు.

వరుస తప్పొద్దు. ముందు మొగ, తర్వాత కింది నుంచి పైకి పూడిక, ఆ తర్వాతే వరిలో గొట్టాలు. పూడిక తీయడానికి వీలుండేది కాలువలకి నీళ్లు ఆపేసే ఏప్రిల్, మే నెలల్లోనే. పంచాయతీ ప్లాన్లు రాసే ప్రజా ప్రణాళిక కార్యక్రమం 2018లో అక్టోబరు 2న మొదలైంది, ఆ తర్వాత కూడా ప్లాన్ల పని ఎక్కువగా అక్టోబరు నుంచే జరుగుతోంది. అప్పుడు గ్రామసభకి వెళ్లి మీ డ్రెయిన్ ఎక్కడ మొదలై ఏ మొగలో కలుస్తుందో మ్యాప్ అడగండి. దాని మీద ఉన్న మిగతా పంచాయతీల పేర్లు తీర్మానంలో రాయించండి. అక్టోబరులో రాయిస్తేనే ఎస్టిమేట్లు, టెండర్లు పూర్తయి, కాలువలకి నీళ్లు ఆపే నాటికి పొక్లెయిన్ గట్టు మీద ఉంటుంది.