‘120 వేసేద్దాం అన్నా’ అంటే ఏం చెప్పాలి? బైక్ టైరు మార్చే ముందు

[దృశ్యం: టైర్ల షాపు ముందు సెంటర్ స్టాండ్ మీద బండి. వెనక చక్రం విప్పి పక్కన పెట్టి ఉంది.]

నమస్తే అండీ. నా బండి పల్సర్ 150. పాత మోడల్, ముందు ఒక్కదానికే డిస్క్. మూడేళ్ల కిందట వెనక టైరు గుండు అయిపోయిందని షాపుకి తీసుకెళ్లాను. అక్కడి కుర్రాడు చక్రానికి ఇంకా పానా కూడా పెట్టలేదు, ఒక మాటన్నాడు: “120 వేసేద్దాం అన్నా, లుక్కు అదిరిపోద్ది.” అంటే బండితో వచ్చినదాని కంటే వెడల్పు టైరన్నమాట. నేనూ అద్దంలో నా బండిని ఊహించుకుని సరే అన్నాను. ఆ ‘సరే’ నాకు రెండు టైర్ల ఖర్చు తెచ్చింది. ఎలాగో చెబుతాను. ముందు అసలు టైరు మార్చాల్సిన టైము వచ్చిందా లేదా అన్నది చూద్దాం.

[క్లోజప్: టైరు గాడిలో వేలు]

టైరు పక్కగోడ మీద, పైఅంచుకి దగ్గరగా, చిన్న త్రికోణం గుర్తు గానీ టీడబ్ల్యూఐ అన్న మూడు అక్షరాలు గానీ ఉంటాయి. అక్కడి నుంచి వేలు తిన్నగా పైకి పోనివ్వండి. గాడి అడుగున చిన్న గట్టు తగులుతుంది. టైరు అరిగి అరిగి ఆ గట్టుతో సమానమైందంటే ఇక దాని పని అయిపోయినట్టే. మన దేశంలో టూవీలర్‌కి రూలు ప్రకారం ఉండాల్సిన కనీసపు లోతు 0.8 మిల్లీమీటర్లు. మీ జేబులో ఉన్న ఏటీఎం కార్డు మందం కూడా దాదాపు అంతే. నేనైతే అంతదాకా ఆగను. జూన్ వస్తోందంటే గాడిలో కార్డు పెట్టి చూస్తాను. రెండు కార్డుల మందమైనా మునగకపోతే వానలకి ముందే మార్చేస్తాను. తడి రోడ్డు మీద టైరు కింది నీళ్లు పక్కకి పోవాలంటే దారి ఆ గాడే.

కానీ లోతు ఒక్కటే చూస్తే మోసపోతాం. నేను రోజూ గుంటూరు నుంచి విజయవాడ వెళ్లొస్తాను. హైవే అంతా తిన్నగా ఉంటుంది. బండి వంగే పనే లేదు. దాంతో వెనక టైరు నడిమధ్య భాగమే అరుగుతుంది, పక్కలు కొత్తవాటిలా మిగిలిపోతాయి.

[క్లోజప్: స్టీలు స్కేలు టైరు మీద అడ్డంగా. ముందు కొత్త టైరు మీద, తర్వాత పాత దాని మీద.]

చూడండి, కొత్త టైరు మీద స్కేలు అడ్డంగా పెడితే నిలవదు. ఉయ్యాల బల్లలా అటూ ఇటూ ఊగుతుంది. ఇదిగో, పాత టైరు మీద పెడితే టేబుల్ మీద పెట్టినట్టు కదలకుండా కూర్చుంది. పక్కల గాడి ఇంకా బాగానే కనిపిస్తోంది కదా, అందుకే చాలామంది ‘ఇంకో ఆరు నెలలు వస్తుందిలే’ అంటారు. హైవే మీద వస్తుంది కూడా. తేడా తెలిసేది మలుపులో.

నాకు తెలిసింది దోర్నాల నుంచి శ్రీశైలం వెళ్లే ఘాట్‌లో. బండి కొంచెం వంచితే వంగదు, మొండికేస్తుంది. ఇంకొంచెం వంచితే ఆ చదును భాగం అంచు దాటి ఒక్కసారిగా పక్కకి దిగిపోతుంది. అరుగు మీద నుంచి కాలు జారినట్టు ఉంటుంది. వెనక మా ఆవిడ కూర్చుని ఉంది. ఆ రోజు ఇరవైలో వెళ్లాం కాబట్టి ఏమీ కాలేదు. కారు టైరు చదునుగానే ఉండాలి, బైక్ టైరు గుండ్రంగా ఉండాలి. బండి తిరిగేది హ్యాండిల్‌తో కంటే వంపుతోనే ఎక్కువ. ఆ వంపుకి ఆధారం టైరు గుండ్రదనమే.

సరే, ఇప్పుడు ఆ 120 సంగతి.

[తెర మీద పెద్ద అక్షరాల్లో: 100/90-17 55పి]

ఇది నా వెనక టైరు పక్కన రాసి ఉన్న సైజు. 100 అంటే వెడల్పు, మిల్లీమీటర్లలో. 90 అంటే ఆ వెడల్పులో 90 శాతం టైరు పక్కగోడ ఎత్తు. అంటే 90 మిల్లీమీటర్లు. 17 అనేది రిమ్ము వ్యాసం, అంగుళాల్లో. మధ్యలో చిన్న గీత ఉంటే మామూలు బయాస్ టైరు (లోపలి దారాల పొరలు ఏటవాలుగా ఉంటాయి), గీత బదులు ఆర్ అక్షరం ఉంటే రేడియల్ (పొరలు అడ్డంగా, తిన్నగా ఉంటాయి). 55 బరువు కోడ్, అంటే ఈ టైరు 218 కిలోలు మోస్తుంది. పి అంటే గంటకి 150 కిలోమీటర్ల వేగం దాకా పనికొస్తుంది.

ఈ చివరి రెంటినీ ఎవరూ చూడరు. షాపులో అదే 100/90-17 సైజులో బరువు కోడ్ తక్కువ ఉన్న టైరు ఇస్తే? మన బళ్ల మీద మనం ఎక్కించే బరువు గుర్తు తెచ్చుకోండి: మొగుడూ పెళ్లాం, మధ్యలో పిల్లాడు, ట్యాంకు మీద బియ్యం బస్తా. ఒక్కోసారి గ్యాస్ సిలిండర్ కూడా. కంపెనీ ఇచ్చిన కోడ్ కంటే ఎక్కువ ఉంటే పర్వాలేదు, తక్కువ మాత్రం ఒప్పుకోకండి. వేగం అక్షరం కూడా అంతే. ఎల్ అంటే 120, పి అంటే 150, ఎస్ అంటే 180, హెచ్ అంటే 210. మన బండి 150 పోదు కదా అని తక్కువది వేయించుకుంటారు కొందరు. ఆ అక్షరం చెప్పేది వేగం గురించే అయినా, ఆ టైరు ఎంత వేడిని తట్టుకుంటుందన్నదీ అందులోనే ఉంది. మే నెలలో పిడుగురాళ్ల రోడ్డు మీద మధ్యాహ్నం రెండింటికి వెళ్లేవాళ్లకి ఆ మాట విడమరిచి చెప్పక్కర్లేదు.

[దృశ్యం: తెల్ల కాగితం మీద స్కెచ్ పెన్నుతో రెండు టైర్ల బొమ్మలు]

ఇప్పుడు లెక్క చూద్దాం. 17 అంగుళాలంటే 431.8 మిల్లీమీటర్లు. దానికి పైన 90, కింద 90 కలిపితే నా టైరు మొత్తం ఎత్తు దాదాపు 612. ఆ కుర్రాడు వేసిన 120/80-17కి పక్కగోడ 96. పైనా కిందా కలిపి 192. మొత్తం దాదాపు 624. అంటే చక్రం 12 మిల్లీమీటర్లు పెద్దదైంది, రెండు శాతం. వెనక చక్రం పెద్దదైతే గేరు కొంచెం బరువవుతుంది. వారధి ఎక్కేటప్పుడు నాలుగో గేరులో లాగే బండి మూడుకి దిగమంటుంది. మైలేజీ కూడా కాస్త తగ్గింది నాకు.

అది చిన్న విషయం. పెద్దది రిమ్ము. రిమ్ము వెడల్పు మారలేదు కదా. 100 టైరు కోసం చేసిన రిమ్ములో 120 టైరుని కూర్చోబెడితే దాని రెండు అంచులూ లోపలికి నొక్కుకుంటాయి. గోనెసంచి మూతి బిగించి కట్టినట్టు. అప్పుడు టైరు నడుమ పైకి ఉబ్బుతుంది. వెడల్పు టైరు కదా, రోడ్డుకి ఎక్కువ ఆనుతుందని అనుకుంటాం. తిన్నగా వెళ్లేటప్పుడు నిజానికి ఆ ఉబ్బిన నడుమే ఆనుతుంది. డబ్బు పెట్టి పట్టు తగ్గించుకున్నట్టయింది.

దానికితోడు ఒక్కో పక్కకీ పది మిల్లీమీటర్లు పెరిగింది కాబట్టి, వెనక ఎవరైనా కూర్చుని స్పీడ్ బ్రేకర్ ఎక్కితే చైన్ కవర్‌కి టైరు రాసుకునేది. మొదట ఎక్కడో ‘సర్’మని చప్పుడు. రెండు వారాల తర్వాత చూస్తే టైరు పక్కగోడ మీద సన్నటి గీత, వేలితో తడిమితే గాడిలా తగిలింది. పక్కగోడ మీద అలా కోసుకుపోయిన టైరుని నమ్మి హైవే ఎక్కలేం. తీసి పారేశాను. అదే మా రెండో టైరు ఖర్చు.

మీలో కొందరికి ఒక అనుమానం వచ్చే ఉంటుంది. ‘పల్సర్ 150లోనే ట్విన్ డిస్క్ మోడల్‌కి కంపెనీయే 120/80 ఇచ్చింది కదా?’ అని. ఇచ్చింది, 2018లో. కానీ టైరు ఒక్కటే మార్చి వదిలేయలేదు. ఆ బండి స్వింగ్ ఆర్మ్, అంటే వెనక చక్రాన్ని పట్టుకుని ఉండే చెయ్యి, పొడుగు, ముందు ఫోర్కులు లావు, ముందు టైరు కూడా 90/90. వాళ్లు బండి మొత్తాన్ని దానికి తగ్గట్టు మార్చాకే ఆ టైరు పెట్టారు. పేరు ఒకటే కదా అని టైరు ఒక్కటీ తెచ్చుకుంటే మా అన్నయ్య చెప్పులు నేను వేసుకున్నట్టు ఉంటుంది. కాబట్టి ఎవరైనా 120 అంటే ఒకటే మాట: “బండితో వచ్చిన సైజే వెయ్యి.” మీ సైజు చైన్ కవర్ మీదో స్వింగ్ ఆర్మ్ మీదో స్టిక్కర్‌లో ఉంటుంది. లేకపోతే బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. ఇప్పుడున్న టైరు మీద చూసి రాసుకోకండి. సెకండ్ హ్యాండ్ బండి అయితే దానికి ముందే ఎవరో 120 వేసి ఉండొచ్చు!

[దృశ్యం: షాపు లోపల, వరసగా వేలాడదీసిన టైర్లు]

ఇక ఏ కంపెనీ? ఎమ్మారెఫ్, సియట్, టీవీఎస్ యూరోగ్రిప్, అపోలో, మిషెలిన్, ఇలా చాలా ఉన్నాయి. మన దగ్గరే చేస్తున్నారు కూడా. ఎమ్మారెఫ్‌కి సదాశివపేటలో ఫ్యాక్టరీ ఉంది, అపోలోకి చిన్నపండూరులో. టాప్ ఫైవ్ లిస్టు మాత్రం నేను చెప్పను. ఒకే కంపెనీ నుంచి పది రకాలు వస్తాయి. ‘ఎన్ని కిలోమీటర్లు వస్తుంది?’ అన్నదే మనం షాపులో అడిగే మొదటి ప్రశ్న. ఎక్కువ కిలోమీటర్లు రావాలంటే రబ్బరు గట్టిగా ఉండాలి. గట్టి రబ్బరు తడి రోడ్డు మీద, ముఖ్యంగా జీబ్రా గీతల మీద, మ్యాన్‌హోల్ మూతల మీద అంత బాగా పట్టదు. మెత్తటిది పడుతుంది, కానీ త్వరగా అరుగుతుంది. రెండూ కావాలంటే నడుమ గట్టి రబ్బరు, పక్కల మెత్తటిది వేసిన టైర్లు ఉన్నాయి. ధర ఎక్కువ, పైగా మన 150 బళ్ల సైజుల్లో అన్నీ దొరకవు. నాలా హైవే మీద తిరిగేవాళ్లు వెనక కాస్త గట్టి రకం వేయించుకున్నా, ముందు టైరు దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. బ్రేకు వేస్తే బరువంతా వచ్చి పడేది దాని మీదే. వెనక టైరు జారితే సర్దుకోవచ్చు. ముందుది జారితే ఏం జరిగిందో తెలిసేలోపే కింద ఉంటాం.

ముందు టైరుతో ఇంకో చిక్కుంది. అది నెమ్మదిగా అరుగుతుంది. వెనకది రెండుసార్లు మార్చినా ముందుది అలాగే ఉంటుంది, గాడి నిండుగా కనిపిస్తుంది. కానీ ఎండకి ఎండి రబ్బరు రాయిలా గట్టిపడి ఉంటుంది. గోరుతో నొక్కి చూడండి. పక్కగోడ మీద సన్న సన్న పగుళ్లు కనిపిస్తే గాడితో సంబంధం లేదు, మార్చేయడమే.

[క్లోజప్: పక్కగోడ మీద కోలగా ఉన్న గడిలో నాలుగు అంకెలు: 3124]

దాని వయసు ఇక్కడ ఉంటుంది. మొదటి రెండంకెలు వారం, తర్వాతి రెండు ఏడాది. 3124 అంటే 2024లో 31వ వారం. కొత్త టైరు కొనేటప్పుడు కవరు తీయించి ఈ అంకెలు చూడండి. ఏడాది లోపుదైతే నేను మారుమాట్లాడను. రెండేళ్లు దాటిందంటే ఇంకోటి చూపించమంటాను. ఐఎస్ఐ గుర్తు ఉందో లేదో కూడా అప్పుడే చూసేయండి. బిల్లు తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి టైర్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. పాత రేటు చెబితే అడగండి.

స్పోక్స్ రిమ్ములున్న బుల్లెట్ వాళ్లకీ, పాత స్ప్లెండర్ వాళ్లకీ ఒక ముక్క. స్పోకు బిగించిన ప్రతి చోటా రిమ్ముకి చిన్న రంధ్రం ఉంటుంది, గాలి నిలవదు. కాబట్టి ట్యూబు తప్పదు. కొత్త టైరులో పాత ట్యూబు పెట్టించకండి. అది సాగిపోయి ఉంటుంది, లోపల మడత పడుతుంది, ఆ మడత దగ్గరే చిరుగుతుంది. అల్లాయ్ చక్రాలైతే టైరుతో పాటు గాలి వాల్వు కూడా మార్పించండి, పెద్ద ఖర్చేం కాదు.

[దృశ్యం: మెషిన్ మీద చక్రం. అంచుకి సబ్బు నీళ్లు రాస్తున్నారు.]

బిగించేటప్పుడు పక్కనే నిలబడండి, టీ తాగడానికి వెళ్లకండి. పక్కగోడ మీద బాణం గుర్తు ఉంటుంది. చక్రం ముందుకి తిరిగే వైపుకే అది ఉండాలి. పని ఒత్తిడిలో తిరగేసి బిగించేస్తుంటారు. టైరు మీద పసుపు చుక్క ఉంటే అది టైరులో తేలికైన చోటు, దాన్ని వాల్వు దగ్గరికి తెమ్మనండి. సబ్బు నీళ్లే రాయాలి, ఇంజిన్ ఆయిల్ కాదు. గాలి నిండాక రిమ్ము అంచుని ఆనుకుని టైరు చుట్టూ ఒక సన్నటి గీత కనిపిస్తుంది. చక్రం తిప్పుతూ చూడండి, ఆ గీత చుట్టూతా ఒకే దూరంలో ఉండాలి. ఒకచోట లోపలికి పోయిందంటే టైరు సరిగ్గా కూర్చోలేదు. గాలి తీసి మళ్లీ నింపమనండి. నా బండికి గాలి ముందు 25, వెనక ఒక్కడినే అయితే 28, ఇద్దరైతే 32. మీ లెక్క మీ స్టిక్కర్ మీద ఉంటుంది. టైరు చల్లగా ఉన్నప్పుడే కొట్టించాలి.

[దృశ్యం: కొత్త టైరు, పైన సన్నటి రబ్బరు వెంట్రుకలు, నిగనిగలాడే పైపొర]

ఈ మెరుపు చూశారా? అచ్చులో నుంచి వచ్చినప్పుడు ఉండే నునుపు ఇది. మొదటి 150 కిలోమీటర్లు బండిని మెల్లగా, మలుపుల్లో కొద్దికొద్దిగా వంచుతూ నడపండి. మా పంక్చర్ షాపు బాబాయ్ అయితే కొత్త టైరు వేసిన ప్రతివాడికీ ఒకటే చెబుతాడు: “రెండ్రోజులు వాన పడితే బస్సెక్కు రా నాయనా.” ఈసారి నేను మాత్రం టైరు వేయించిన సాయంత్రమే మబ్బు పట్టింది. బండి అక్కడే పెట్టి బస్టాండుకి నడిచాను.