12,900 ఏళ్ల కిందటి చలి: తోకచుక్కా, అగ్నిపర్వతమా, సముద్రమా?

యాంకర్: నమస్కారం. మంచుయుగం ముగుస్తోంది, హిమానీనదాలు కరుగుతున్నాయి, అడవులు ఉత్తరానికి పాకుతున్నాయి. సరిగ్గా అప్పుడు, సుమారు 12,900 ఏళ్ల కిందట, చలి మళ్లీ విరుచుకుపడి దాదాపు 1,200 ఏళ్లు తిష్ఠ వేసింది. శాస్త్రవేత్తలు యంగర్ డ్రయస్ అంటున్న ఈ చలికి కారణమేంటి? స్టూడియోలో భూగర్భ శాస్త్ర ప్రొఫెసర్ గారు, పురాతన వాతావరణంపై పనిచేస్తున్న పరిశోధకురాలు, ఒక సైన్స్ జర్నలిస్టు ఉన్నారు. ముందు మీరండీ, తోకచుక్క తరఫున వకాల్తా పుచ్చుకున్నారట!

జర్నలిస్టు: పుచ్చుకున్నాను. 2007లో రిచర్డ్ ఫైర్‌స్టోన్ బృందం చెప్పిన మాట ఇది. ఉత్తర అమెరికా మీద తోకచుక్కో, దాని ముక్కలో పేలాయని. అరిజోనాలో మర్రే స్ప్రింగ్స్ అనే చోట మట్టిని నిలువుగా కోసి చూస్తే నల్లటి పొర ఒకటి కనిపిస్తుంది. దాని కింద మామత్ అనే పాతకాలపు ఏనుగుల ఎముకలు, ఉత్తర అమెరికాలో అప్పట్లో వేటాడి బతికిన క్లోవిస్ జనం రాతి పనిముట్లు. పైన అవేవీ లేవు. పొర అడుగున, భూమ్మీద అరుదుగా, ఉల్కల్లో ఎక్కువగా ఉండే ఇరిడియం లోహం, సూక్ష్మ వజ్రాలు, అయస్కాంతానికి అతుక్కునే చిన్న గుళికలు ఉన్నాయన్నారు. 2013లో గ్రీన్‌లాండ్ మంచులో అలాంటిదే మరో లోహం, ప్లాటినం కూడా బయటపడింది. ఇన్ని కలిసొస్తే అనుమానం రాదా సార్?

ప్రొఫెసర్: వస్తుంది, రావాలి కూడా. కానీ తర్వాతి కథ కూడా చెప్పాలిగా. అవే చోట్ల వేరేవాళ్లు వెతికితే కొందరికి గుళికలు దొరికాయి, కొందరికి దొరకలేదు. వజ్రాలన్న వాటిలో కొన్ని వజ్రాలే కావు, గ్రాఫీన్ తరహా కార్బన్ అని తేల్చారు. ఇక నల్ల పొరంటారా, నీటి ఊటలున్న చిత్తడి నేలల్లో మొక్కలు కుళ్లి అలాంటివి ఏర్పడతాయి. వేరే కాలాలకు చెందినవీ ఉన్నాయి.

జర్నలిస్టు: గ్రీన్‌లాండ్‌లో మంచు కింద, ఆకాశం నుంచి ఏదో పడి ఏర్పడిన హయవాథా బిలం దొరికింది కదా, 2018లో? 31 కిలోమీటర్ల వెడల్పు!

ప్రొఫెసర్: ఆ ఏడాది పత్రికలన్నీ కేసు తేలిపోయినట్టే రాశాయి, మీ పత్రికతో సహా. 2022లో అక్కడి రాళ్ల వయసు కట్టారు. 5.8 కోట్ల ఏళ్లు! అప్పటికి మామత్‌లు పుట్టనే లేదు.

పరిశోధకురాలు: ప్లాటినం లెక్క కూడా కుదరట్లేదండీ. ఆ మంచు పొరల కాలక్రమాన్ని మళ్లీ సరిచూస్తే, చలి మొదలైన కొన్ని దశాబ్దాల తర్వాతే ప్లాటినం పెరిగిందని 2025లో ఒక పరిశోధన వచ్చింది. పైగా పదేళ్లకు మించి పడుతూనే ఉంది. ఒక్క పేలుడు దుమ్మైతే అంతకాలం రాలదు. ఐస్‌లాండ్ వైపు అగ్నిపర్వతాల పని కావచ్చంటున్నారు.

యాంకర్: అగ్నిపర్వతం అన్నారు కాబట్టి... జర్మనీలో లాఖర్ సీ అనే అగ్నిపర్వతం పేలుడు సంగతేంటి మేడమ్?

పరిశోధకురాలు: ఇది నాకు భలే ఇష్టమైన కేసు. ఆ పేలుడుకు ప్యూమిస్, అంటే అగ్నిపర్వతం ఎగజిమ్మిన తేలికపాటి రాయి, కింద చెట్లు నిలువునా కూరుకుపోయి, బొగ్గయి మిగిలాయి. బిర్చ్, పోప్లర్ చెట్లు. వాటి వలయాలు లెక్కపెట్టి, కార్బన్‌తో వయసు కట్టే రేడియోకార్బన్ పద్ధతితో కలిపి చూసి, పేలుడు 13,006 ఏళ్ల కిందటిదని 2021లో తేల్చారు. అటూ ఇటూ తొమ్మిదేళ్లు, అంతే! అంతకుముందు దాన్ని చలి ఆరంభానికి పక్కనే పెట్టేవారు. ఇప్పుడు మధ్యలో వందేళ్లకు పైగా ఎడం వచ్చేసింది.

జర్నలిస్టు: ప్రభావం నెమ్మదిగా పనిచేసి ఉండొచ్చుగా?

ప్రొఫెసర్: ఆకాశంలోకి ఎగసిన గంధకం రెండు మూడేళ్లలో కిందికి దిగిపోతుందయ్యా. మన నంద్యాల జిల్లా జ్వాలాపురంలో ఇండోనేషియాలోని టోబా అగ్నిపర్వతం బూడిద దిబ్బలున్నాయి. సుమారు 74,000 ఏళ్ల నాటివి, లాఖర్ సీ కంటే ఎన్నో రెట్లు పెద్ద పేలుడువి. ఆ బూడిద కిందా పైనా ఒకే తరహా రాతి పనిముట్లు దొరికాయి, అంటే అంత పేలుడు తర్వాత కూడా అక్కడి మనుషుల బతుకు తీరు మారలేదన్నమాట.

పరిశోధకురాలు: ఒక్క మాట. మన కార్యక్రమం ప్రోమోలో 'ప్రపంచమంతా గడ్డకట్టింది' అని వేశారు...

యాంకర్: వేశాం. తప్పా?

పరిశోధకురాలు: అంటార్కిటికా అప్పుడు వేడెక్కుతోంది! అక్కడి మంచు పొరలు అదే చెబుతున్నాయి. దుమ్మో, బూడిదో ఎండను అడ్డుకుంటే రెండు ధ్రువాలూ చల్లబడాలి. ఉత్తరం చల్లబడుతూ దక్షిణం వేడెక్కిందంటే, అట్లాంటిక్‌లో దక్షిణం నుంచి ఉత్తరానికి వేడిని మోసుకెళ్లే ప్రవాహం మందగించిందన్నమాట. నా మటుకు నాకు ఇదే అసలు సాక్ష్యం. మేఘాలయలోని మవ్‌మ్లూ గుహలో, నీటి చుక్కలు పడి నేల నుంచి పైకి పెరిగే సున్నపురాతి స్తంభాల్లో (స్టాలగ్మైట్లు) కూడా ఆ కాలంలో రుతుపవనాలు బలహీనపడ్డ గుర్తులున్నాయి. ప్రవాహం ఆగితే జరగాల్సింది అదే.

యాంకర్: ప్రవాహాన్ని ఆపిందెవరు?

పరిశోధకురాలు: మంచినీళ్లు. ఉత్తర అమెరికాలో హిమఫలకం అంచున అగాసిజ్ అనే మహా సరస్సు ఉండేది. అది గండిపడి సముద్రంలోకి పోయిందని సముద్ర, వాతావరణ శాస్త్రవేత్త వాలెస్ బ్రోకర్ వాదించారు. ఉప్పునీటి మీద మంచినీరు పరుచుకుంటే, నీరు బరువెక్కి అడుగుకు దిగడం ఆగిపోతుంది, ఆ ప్రవాహాన్ని నడిపేది అదే.

జర్నలిస్టు: మరి ఆ గండి ఎక్కడ మేడమ్? తూర్పున అట్లాంటిక్‌లో కలిసే సెయింట్ లారెన్స్ నది వైపు వెతికి వెతికి విసిగిపోయారు. మమ్మల్ని బిలం చూపించమంటారు, మీరు కాలువ చూపించరు!

ప్రొఫెసర్: (నవ్వుతూ) దెబ్బ సరిగ్గా తగిలింది.

పరిశోధకురాలు: అందుకే ఉత్తరం వైపు చూశారు. కెనడాలో ఉత్తరానికి పారే మెకంజీ నది దారిలో వరద ఆనవాళ్లున్నాయని 2010లో రాశారు. 2018లో ఆ నది కలిసే బోఫర్ట్ సముద్రం అడుగు మట్టిలోనూ మంచినీటి జాడ దొరికింది. వరద ఎంత, ఎన్నాళ్లు అన్న లెక్కల మీద ఇంకా కొట్లాట ఉంది, ఒప్పుకుంటాను. కానీ గత మంచుయుగంలో గ్రీన్‌లాండ్ ఇలా వేడికీ చలికీ మధ్య ఊగింది పాతిక సార్లు. ప్రతిసారీ తోకచుక్క రాలేదు కదండీ?

యాంకర్: ఏం దొరికితే మీ అభిప్రాయం మార్చుకుంటారు?

పరిశోధకురాలు: చలి మొదలైన ఏడాది పొరలోనే, గ్రీన్‌లాండ్‌లోనూ అంటార్కిటికాలోనూ ఒకే గ్రహశకల ధూళి చూపిస్తే కూర్చుని మాట్లాడతాను. అప్పుడు కూడా దక్షిణం ఎందుకు వేడెక్కిందో వీరు చెప్పాలి.

జర్నలిస్టు: తోకచుక్కే మంచుఫలకాన్ని పగలగొట్టి ఆ నీళ్లు వదిలిందంటే?

ప్రొఫెసర్: అప్పుడు నీకు బిలమూ కావాలి, కాలువా కావాలి. పని రెట్టింపయింది నాయనా!

యాంకర్: చిన్న బ్రేక్. తర్వాత ప్రేక్షకుల ప్రశ్నలు తీసుకుందాం.