సైప్రస్ కొండలు: వచ్చినవారు, ఉన్నవారు

అందరికీ నమస్కారం.

పశ్చిమ కెనడాలో ఆల్బర్టా, సస్కాచెవాన్ రాష్ట్రాల సరిహద్దు మీద సైప్రస్ కొండలున్నాయి. చుట్టూ కనుచూపు మేర గడ్డి మైదానం. దానికి సుమారు 600 మీటర్ల ఎత్తున పైన్, స్ప్రూస్ చెట్ల అడవి.

బ్రిటిష్ ప్రభుత్వం పంపిన జాన్ పాలిసర్ 1859లో ఇక్కడికి వచ్చాడు. దక్షిణ మైదానం సేద్యానికి పనికిరాదని తేల్చిన ఆయనకే ఈ కొండలు ఎడారిలో ఒయాసిస్సులా కనిపించాయి. ఇరవై ఏళ్ల తరువాత వచ్చిన వృక్షశాస్త్రజ్ఞుడు జాన్ మెకౌన్ అదే మైదానంలో గోధుమ పండుతుందన్నాడు. ఇద్దరూ అబద్ధమాడలేదు. ఒకరు చూసినది ఎండిన నేల, మరొకరు చూసినది వానలు కురిసిన నేల. రైలుమార్గం కోసం తొందరపడుతున్న పాలకులకు మెకౌన్ మాటే నచ్చింది. దాని ఖరీదు 1930ల కరవులో రైతులు చెల్లించారు.

వారి నివేదికల కన్నా నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది ఒక వర్తకుడి లెక్క. 1871-72 చలికాలంలో హడ్సన్స్ బే కంపెనీ మనిషి ఐజాక్ కౌయీ ఇక్కడ 750 గ్రిజ్లీ ఎలుగుబంటి తోళ్లు, ఎల్క్ అనే పెద్ద జింకల తోళ్లు 1,500 సేకరించాడు. అన్ని మృగాలు ఎలా మిగిలాయి? బ్లాక్‌ఫుట్, క్రీ, నకోడా అనే ఆదివాసీ జాతుల పోరులో ఈ కొండలు ఎవరి వశమూ కాలేదు. ఇక్కడ ఎక్కువ కాలం మకాం వేయడానికి అందరికీ భయమే. మనుషుల పగే మృగాలకు కాపలా కాసింది.

తరువాత సారా వర్తకులు, తోళ్ల కోసం విషం పెట్టి తోడేళ్లను చంపేవారు చేరారు. 1873 జూన్ 1న, పోయిన గుర్రాలను వెతుకుతూ మోంటానా నుంచి వచ్చిన తోడేళ్ల వేటగాళ్లు బ్యాటిల్ క్రీక్ ఒడ్డున నకోడాల శిబిరంపై కాల్పులు జరిపారు. ఇరవై మందికి పైగా చనిపోయారు. కేసులు నడిచాయి, ఒక్కరికీ శిక్ష పడలేదు. 1875లో అక్కడికి దగ్గరలోనే పోలీసులు ఫోర్ట్ వాల్ష్ కట్టారు.

అడవిదున్నలు అంతరించాక ఆకలితో కోట చుట్టూ చేరిన ఆదివాసులను, రేషన్లు ఆపి మరీ ప్రభుత్వం వెళ్లగొట్టింది. 1883లో కోటనూ మూసేసింది. నెకనీట్ అనే నాయకుడి వెంట ఉన్న క్రీ కుటుంబాలు మాత్రం కదలలేదు. వారికంటూ కొంత భూమి కేటాయించడానికి ప్రభుత్వానికి 1913 దాకా పట్టింది.