హాస్టల్‌కి సొంత పక్కబట్టలు మోసుకెళ్లాలా? మూడూ వాడి చూసి చెప్తున్నా

హాయ్ అండి అందరికీ. ఇదిగో ఈ మంచం మీద మూడు వస్తువులు పెట్టాను చూడండి. ఇది స్లీపింగ్ బ్యాగ్, ఇది మామూలు సింగిల్ బెడ్‌షీట్ దానికి జతగా ఒక దిండు గలీబు, ఇక ఇది నా గుప్పిట్లో పట్టేసింది కదా, ఇది స్లీప్ లైనర్. ట్రావెలర్ హాస్టల్లో డార్మ్ బెడ్, అంటే చాలామంది కలిసి పడుకునే గదిలో ఒక మంచం, బుక్ చేసుకున్నాక బ్యాగ్ సర్దేటప్పుడు వీటిల్లో ఏది పెట్టుకోవాలి, అసలు పెట్టుకోవాలా అని చాలామందికి డౌట్ వస్తుంది, నేను మూడిట్లోనూ పడుకున్నాను కాబట్టి నాకు తెలిసింది చెప్తాను.

ముందు స్లీపింగ్ బ్యాగ్. దీన్ని హాస్టల్ కోసం మాత్రం కొనకండి. కిలో దాకా బరువు, బ్యాగులో సగం చోటు ఇదే తినేస్తుంది, పైగా చాలా హాస్టల్స్‌లో దీన్ని మంచం మీద పరచనివ్వరు. నన్ను ఒకచోట రిసెప్షన్‌లోనే ఆపేశారు, అప్పుడు కోపం వచ్చింది కానీ కారణం విన్నాక వాళ్లదే కరెక్ట్ అనిపించింది. ఎక్కడెక్కడో పరిచి చుట్టేసిన స్లీపింగ్ బ్యాగ్ మడతల్లో నల్లులు దాక్కుని ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వచ్చేస్తాయి, ఒక్క మంచానికి పట్టాయంటే రూమంతా ఖాళీ చేయించాల్సి వస్తుంది. టెంట్ వేసుకునే ప్లాన్ కూడా ఉంటే అది వేరే సంగతి.

బెడ్‌షీట్ పర్లేదు కానీ రాత్రి రెండుసార్లు ఇటు అటు తిరిగితే పరుపు మీంచి జారిపోయి కాళ్ల దగ్గర ఉండ చుట్టుకుంటుంది, పై బంక్‌లో ఉండి చీకట్లో దాన్ని సర్దుకోవడం చాలా చిరాకు, కింద పడుకున్నవాళ్లకీ నిద్ర చెడుతుంది.

ఇప్పుడు లైనర్. మూడు వైపులా కుట్టేసిన సంచిలాంటి దుప్పటి అన్నమాట, మనం లోపలికి దూరి పడుకుంటాం, పైన దిండు దూర్చుకోడానికి ఒక జేబు కూడా ఉంటుంది. ఇది ఇప్పుడు పుట్టుకొచ్చిన వస్తువేం కాదండి. రిచర్డ్ షిర్మన్ అనే స్కూల్ టీచర్ 1912లో జర్మనీలో ఆల్టెనా కోటలో మొదటి యూత్ హాస్టల్ పెట్టారు, తర్వాత చాలాకాలం యూత్ హాస్టల్స్‌లో ఇలాంటి షీట్ సంచి ఎవరిది వాళ్లు తెచ్చుకోవడమే పద్ధతి. ఆల్ప్స్ కొండల్లో ట్రెక్కింగ్ హట్స్‌కి వెళ్తే ఇప్పటికీ లైనర్ తెచ్చుకోమంటారు, అక్కడ కంబళి ఇస్తారు కానీ దాన్ని రోజూ ఉతకడం కుదరదు కదా.

కాటన్ లైనర్ అయితే 300 నుంచి 400 గ్రాములు ఉంటుంది, ఒంటికి హాయిగా ఉంటుంది కానీ ఉతికితే రాత్రికి రాత్రే ఆరదు. సిల్క్ ది 150 గ్రాముల లోపే, సాయంత్రం పిండి బంక్ కడ్డీకి ఆరేస్తే పొద్దున్నకి ఆరిపోతుంది, నాది ఇదే. ఒక్క మాట, కాళ్ల దగ్గర సన్నగా ఉండే షేప్ తీసుకోకండి, పక్కకి తిరిగితే మోకాళ్లు పట్టేసినట్టు ఉంటుంది, దీర్ఘచతురస్రంగా ఉన్నదే తీసుకోండి.

ఇప్పుడు అసలు విషయం, ఇది మాత్రం స్కిప్ చేయకండి ప్లీజ్. లైనర్ ఉంది కదా నల్లులు కుట్టవు అనుకోవద్దు. మొహం, మెడ, చేతులు బయటే ఉంటాయి కదా, అవి అక్కడికే వస్తాయి. ఒక హాస్టల్లో నాకిచ్చిన షీట్ తెల్లగా ఉంది, సబ్బు వాసన కూడా వస్తోంది, ఎందుకో తలవైపు మూల ఎత్తి ఫోన్ టార్చ్ వేసి చూస్తే పరుపు అంచు కుట్టు వెంబడి పెన్ను మొనతో పొడిచినట్టు నల్ల చుక్కలు వరసగా ఉన్నాయి, నల్లుల రెట్ట అది. గోరుతో ఆ కుట్టు విడదీస్తే లోపల ఒకటి కదిలింది, గోధుమరంగులో, 5 మిల్లీమీటర్లు ఉంటుందేమో. వెంటనే రూమ్ మార్చమన్నాను. అందుకే మంచం దగ్గరికి వెళ్లగానే బ్యాగ్ దాని మీద పడేయకండి, ముందు షీట్ మూలలు ఎత్తి కుట్లు, మంచం చెక్క సందులు, తలవైపు గోడ చూడండి, రెండు నిమిషాల పని. నల్లుల వల్ల జబ్బులు అంటుకోవు కానీ ఇంటికి తెచ్చుకుంటే వదిలించుకోవడం నెలల తరబడి నరకం. అనుమానం ఉంటే కాటన్ బట్టలు 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతకండి. సిల్క్ అంత వేడి తట్టుకోదు, కవర్లో కట్టి మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్లో నాలుగు రోజులు ఉంచేయండి.

మరి తీసుకెళ్లాలా అంటే, షీట్లు, దిండు, కంబళి ఇచ్చే హాస్టల్ అయితే పక్కబట్టలేవీ వద్దు, ఒక్క దిండు గలీబు చాలు, అది నేను ఎక్కడికెళ్లినా పెట్టుకుంటాను, రాత్రంతా చెంప ఆనేది దానికే కదండీ. షీట్లకి విడిగా డబ్బులు తీసుకునే చోట్లు కూడా ఉంటాయి, బుక్ చేసేటప్పుడు లినెన్, అంటే పక్కబట్టలు, కలిపే ఇస్తున్నారా అన్నది చూసుకోండి, సొంత లైనర్ వాడొచ్చా అని ఒక మెసేజ్ పెట్టండి, కొందరు అదీ ఒప్పుకోరు. ఊళ్లు మారుతూ వారాల తరబడి తిరిగేవాళ్లు, చర్మం సున్నితంగా ఉండి ఎవరి షీట్ ఒంటికి తగిలినా దద్దుర్లు వచ్చేవాళ్లు మాత్రం సిల్క్ లైనర్ కొనేయండి.

కుట్లు ఎలా చెక్ చేయాలో ఇప్పుడు ఈ పరుపు మీదే చూపిస్తాను, కెమెరా కొంచెం దగ్గరికి తెస్తున్నా, ఇదిగో ఈ మూల చూడండి.