ఏటి ఇసుక చేసే పని

శ్రోతలకు నమస్కారం. ఈ పూట ఇసుక గురించి మాట్లాడుకుందాం. లారీలో వచ్చి ఇంటి ముందు పడే ఇసుక కాదు లెండి, ఇంకా ఏట్లోనే ఉన్న ఇసుక. రెండూ ఒకటే కదా అంటారా? చిక్కంతా అక్కడే ఉంది.

మన నాగావళి ఒడిశా కొండల్లో పుట్టి, తోటపల్లి, నారాయణపురం దాటి, శ్రీకాకుళం ఊళ్లోంచి వెళ్లి సముద్రంలో కలుస్తుంది. వేసవిలో వంతెన మీంచి చూస్తే నీళ్లు తక్కువ, ఇసుక ఎక్కువ. ఏరు ఎండిపోయిందంటాం. ఎండలేదు, ఇసుకలోకి దిగింది. ఒక ఘనమీటరు ముతక ఇసుకలోంచి సుమారు 250 లీటర్ల దాకా నీరు ఊరి రాగలదు. చెలమ తవ్వే ఆడవాళ్లకు ఈ లెక్కతో పనిలేదు. మోచేతి లోతు తవ్వితే ముందు బురదనీరు. కొబ్బరి చిప్పతో రెండు మూడుసార్లు తోడి పారబోసి కాసేపు ఆగితే, అడుగున ఇసుక రేణువులు కనబడేంత తేటనీరు. ఏటి ఇసుకలో దించిన ఊటబావులు చేసేదీ ఇదే, కాకపోతే పెద్ద ఎత్తున. ఆ నీళ్లే పంపు ఎక్కి, ట్యాంకు ఎక్కి, మన కుళాయిలోకి వస్తాయి.

మరి ఆ నీటిని తేటపరిచింది ఎవరు? ఇసుక వడగడుతుందని అందరికీ తెలుసు. అది సగం సంగతే. రేణువుకూ రేణువుకూ మధ్య బోలెడు ప్రాణులు కాపురముంటాయి. ప్రతి రేణువు చుట్టూ సన్నటి జిగురుపొర, ఆ పొర నిండా కంటికి ఆనని సూక్ష్మజీవులు. నీటితో దిగే మురికి వాటికి తిండి. వాటిని తినడానికి ఇంకాస్త పెద్ద జీవులు. రోగాలు తెచ్చే క్రిములు చాలావరకు అక్కడే చిక్కి ఎవరికో ఒకరికి ఆహారమైపోతాయి. అయితే ఇసుక మందంగా ఉండాలి, నీరు నెమ్మదిగా దిగాలి.

నాకు భలే ఇష్టమైన కథ ఒకటుంది. 1892 ఆగస్టు. జర్మనీలో ఎల్బే నది ఒడ్డున హాంబర్గ్, దాన్ని ఆనుకుని దిగువన ఆల్టోనా. ఇద్దరికీ ఆ నది నీళ్లే. హాంబర్గ్ వాళ్లు నీళ్లు తోడి, వడగట్టకుండానే వదిలేవారు. హాంబర్గ్ మురుగంతా కలిశాక మిగిలింది ఆల్టోనాకు వచ్చేది. కానీ ఆల్టోనా వాళ్లు దాన్ని ఇసుక పడకల్లోంచి నెమ్మదిగా దించి పంచేవారు. అప్పుడొచ్చింది కలరా. హాంబర్గ్‌లో సుమారు 8,600 మంది పోయారు. రెండు ఊళ్లకూ సరిహద్దు ఒక వీధి. వీధికి ఈ పక్క కలరా, ఆ పక్క దాదాపు లేదు. విచిత్రం ఏమిటంటే, హాంబర్గ్ వైపున్న ఒక ఇళ్ల సముదాయంలో కూడా కలరా రాలేదు. ఆరా తీస్తే, దానికి ఆల్టోనా గొట్టం నుంచి నీళ్లు వస్తున్నాయి! ఇదంతా కలరా క్రిమి మీద పరిశోధించిన జర్మన్ వైద్యుడు రాబర్ట్ కాక్ రాసిపెట్టాడు. అదే గాలి, అదే నేల, అదే నది. తేడా ఇసుక. ఆ చలికాలంలో ఆల్టోనా ఇసుక పడక గడ్డకట్టి పాడైతే, అక్కడా కలరా తలెత్తింది.

ఆల్టోనా వాళ్లు డబ్బు పోసి కట్టుకున్నదాన్ని మనకు ఏరు ఊరికే పరిచిపెట్టింది. క్లోరిన్ కలపాల్సిందే, కాదనను. కానీ ఇసుక పని ఇసుక చెయ్యాలిగా! ఊటబావి పక్కన పొక్లెయిన్ దిగితే ఏమవుతుంది? గొయ్యి పడుతుంది. చుట్టూ ఉన్న ఇసుకలోని నీరు గొయ్యిలోకి జారి, బావిలో మట్టం తగ్గుతుంది. గొయ్యి అడుగున ఒండ్రు పేరుకుని ఊట మూసుకుపోతుంది. మళ్లీ వరదొస్తే ఇసుక రాదా అంటారు. వస్తుంది, కానీ పైనున్న ఆనకట్టలు, బ్యారేజీలు కొంత ఆపేశాక మిగిలిందే వస్తుంది.

అందుకే వాల్టా చట్టం, అంటే నీరు, నేల, చెట్లను కాపాడే మన రాష్ట్ర చట్టం కింద నిబంధన పెట్టారు: తాగునీటికో సాగుకో భూగర్భజలం తోడే బావికి 500 మీటర్ల లోపు ఇసుక తవ్వకూడదు. 500 మీటర్లు. ఈ అంకె గుర్తుపెట్టుకోండి, మిగతాదంతా మరిచిపోయినా ఫర్వాలేదు. ఒకరోజు పగటిపూట మీ ఊరి ఊటబావి దాకా వెళ్లి చూడండి. ఇసుకలో ఉండాల్సిన బావి గోడ ఎంత మేర బయటపడిందో, దగ్గరలో ట్రాక్టర్ల జాడలున్నాయో చూసి, ఫొటో తీసి, అర్జీ రాసి సచివాలయంలో ఇవ్వండి. అర్జీలో బావి నుంచి గొయ్యికి దూరం ఎంతో తప్పకుండా రాయండి.