అగత్తి విమానంలో సీటు ఎవరికి?

యాంకర్: నమస్కారం. లక్షద్వీప్‌లో 36 దీవులు, జనం ఉండేది 10 దీవుల్లో. 2011 లెక్కల్లో అందరూ కలిపి 64 వేల పైచిలుకు. ఇన్ని దీవులకూ విమానం దిగేది ఒక్క అగత్తిలోనే. కెప్టెన్ గారూ, అక్కడ దిగడం అంత కష్టమా?

రిటైర్డ్ పైలట్: కిటికీ పక్కన కూర్చున్నవాళ్లకు సంబరం, ముందు కూర్చున్నవాళ్లకు టెన్షన్! (నవ్వులు) శంషాబాద్‌లో మెయిన్ రన్‌వే 4,260 మీటర్లు. అగత్తిలో దాదాపు 1,200. రెండు చివర్లా సముద్రమే. అందుకే ఏటీఆర్‌లాంటి ప్రొపెల్లర్ విమానాలే వెళ్తాయి. అవి కూడా...

యాంకర్: నిండా ఎక్కించుకోలేవా?

పైలట్: ఎండ ముదిరినా, రన్‌వే తడిసినా బరువు తగ్గించుకోవాల్సిందే. పైగా అక్కడ వాన పట్టుకుంటే దిగడానికి పక్కన ఇంకో ఊరు లేదు. మళ్లీ ఒడ్డుకి వచ్చేంత ఇంధనం మోసుకెళ్లాలి. దాని బరువుకి సరిపడా మనుషుల్ని తగ్గించాలి. ఖర్చు మాత్రం తగ్గదు.

టూర్ ఆపరేటర్: ఆ ఖర్చు కట్టేది మా కస్టమర్లే సార్. 2024 జనవరిలో ప్రధాని అక్కడి ఫొటోలు పెట్టాక మా ఆఫీసులో ఫోను ఆగలేదు. పర్మిట్ తీసుకోవాలి, సీటు దొరకాలి అనేసరికి చాలామంది చల్లబడ్డారు. ఆ ఏడాదే బెంగళూరు నుంచి ఇండిగో మొదలుపెట్టింది. గిరాకీ ఉంది కాబట్టే కదా!

యాంకర్: డాక్టర్ గారూ, మీరు అక్కడ రెండేళ్లు పనిచేసొచ్చారు.

డాక్టర్: ఓడ టికెట్ చవకే. కానీ కొచ్చి చేరేసరికి ఒక రాత్రి గడిచిపోతుంది, కొన్నిసార్లు మర్నాడు పగలు కూడా. వానాకాలంలో సముద్రం ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ప్రాణం మీదికొస్తే హెలికాప్టర్ ఉంది. నెలకోసారి కీమోకి వెళ్లే మనిషికి హెలికాప్టర్ ఇవ్వరుగా? ఆయన విమానం ఎక్కాలి, హనీమూన్ జంటతో పోటీపడి.

టూర్ ఆపరేటర్: ఆ జంట లేకపోతే విమానమే రాదండీ!

డాక్టర్: ఒప్పుకుంటాను. వాళ్లు రావద్దనడం లేదు. వాళ్లు నెల ముందు బుక్ చేసుకోగలరు. నొప్పులు నెల ముందు చెప్పి రావు. ఆఖరి రోజు పెరిగిన ధర కట్టేది ఎప్పుడూ దీవివాళ్లే.

యాంకర్: చిన్న ఊళ్లకు తక్కువ ధరకి విమానాలు నడిపించే కేంద్ర పథకం, ఉడాన్ ఉంది కదా?

పైలట్: ఉంది, 2017లో తొలి విమానం ఎగిరింది. అందులో విమాన కంపెనీ నష్టాన్ని ప్రభుత్వం పూడ్చేది మామూలుగా మూడేళ్లు. ధర కట్టడి చేసిన సీట్లు ముందు బుక్ చేసినవాడివే, దీవివాడా టూరిస్టా అని చూడవు. అంతకుముందు, 1994లో ఇంకో నిబంధన తెచ్చారు. విమాన కంపెనీలు పెద్ద రూట్లలో నడిపేదాంట్లో కనీసం 10 శాతం లక్షద్వీప్, అండమాన్, ఈశాన్యంలాంటి చోట్లకు నడపాలని. ఆ వాటాను అండమాన్‌కో గువాహటికో నడిపి కూడా పూర్తిచేయొచ్చు. పొట్టి రన్‌వేకి ఎవరొస్తారు?

డాక్టర్: స్పెయిన్‌లో బలేరిక్, కానరీ దీవులవాళ్లకు టికెట్‌లో 75 శాతం ప్రభుత్వం భరిస్తుంది. స్కాట్లాండ్ దీవుల్లో ఉండేవాళ్లకు సగం. రాయితీ అక్కడ నివాసం ఉన్న మనిషికి. టూరిస్టు పూర్తి ధర కడతాడు, కంపెనీకీ ఇబ్బంది లేదు. నాకు ఇదే నచ్చుతుంది.

టూర్ ఆపరేటర్: రన్‌వే పొడిగిస్తే గొడవే ఉండదు కదా?

డాక్టర్: ఎటు పొడిగిస్తారు? లగూన్‌లోకే, అంటే దీవి పక్కన పగడపు దిబ్బల లోపలుండే లోతు తక్కువ నీళ్లలోకి. అక్కడివాళ్లు గాలంతో ట్యూనా పడతారు. దానికి ఎరగా వేసే చిన్న చేపలు దొరికేది ఆ లగూన్‌లోనే. వాళ్లను అడగకుండా ఇక్కడ కూర్చుని మనం తేల్చేది కాదు.

పైలట్: పొడిగించినా పెద్ద విమానం నింపేంత జనం రోజూ ఉండాలిగా.

టూర్ ఆపరేటర్: సరే, రెండు మూడు సీట్లు పేషెంట్ల కోసం ఆఖరి గంట వరకూ ఆపారనుకుందాం. ఖాళీగా పోతే ఎవరు కడతారు?

డాక్టర్: మీ ప్యాకేజీలో కొంత కలపండి.

టూర్ ఆపరేటర్: అమ్మో!

పైలట్: మీరు హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళ్తుంటారుగా? అలాంటి రూట్లలో ఉడాన్ కోసం కంపెనీల దగ్గర లెవీ వసూలు చేస్తారు. అది చివరికి టికెట్‌లోనే కలుస్తుంది. మీరు ఎప్పటినుంచో కడుతున్నారు.

టూర్ ఆపరేటర్: (నవ్వుతూ) ఇన్నాళ్లూ కట్టినా నా కస్టమర్‌కి సీటు దొరకలేదే!

డాక్టర్: నా పేషెంటుకీ దొరకలేదు.

యాంకర్: చిన్న బ్రేక్ తర్వాత ఫోన్ కాల్స్ తీసుకుందాం.