చెవి దారిన వచ్చే వాక్యం

(పర్లాకిమిడిలో ఆదివారపు బడి టీచర్ల కూడికలో చేసిన ప్రసంగం)

అందరికీ వందనాలు. పిల్లలకు కంఠత వాక్యాలు, అంటే చూడకుండా అప్పజెప్పే బైబిలు వచనాలు, ఎలా నేర్పాలో చెప్పమని పాస్టరు అయ్యగారు అడిగారు. ముందు నేను చేసిన తప్పు చెప్తాను.

చాలా ఏళ్లు క్రిస్మస్‌కు ఎక్కువ వాక్యాలు చెప్పిన పిల్లలకే బహుమతి ఇచ్చేదాన్ని. ఒక ఏడు ఒక పాప ఇరవై వాక్యాలు గడగడా అప్పజెప్పింది. రెండు నెలలకు వాళ్ల నాన్నకు జబ్బు చేస్తే ప్రార్థనకు వెళ్లాం. “నాన్నకు ఒక వాక్యం చెప్పమ్మా” అన్నాను. పాపకు ఒక్కటీ గుర్తు రాలేదు, ఏడ్చేసింది. తప్పు నాది. వాక్యాలు లెక్కపెట్టానే గానీ, నిలిచేలా నేర్పలేదు.

మన పిల్లలకు ఇంకో కష్టం ఉంది. బడిలో చదువు ఒడియాలో, ఇంట్లో మాట తెలుగులో. తెలుగు బైబిలు చేతికిస్తే అక్షరాలు కూడబలుక్కోవడంతోనే అలిసిపోతారు. అందుకే ముందు వినిపించండి. ఈ ఊళ్లోనే పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి పంతులుగారు సవర భాష నేర్చుకున్నది సవరల నోట విని. అప్పటికి ఆ భాషకు లిపే లేదు. మా అత్తగారికీ చదువు రాదు, అయినా ఇరవై మూడో కీర్తన మొత్తం వచ్చు. రోజూ కుటుంబ ప్రార్థనలో మామగారు చదివేవారు, ఆవిడ వెంట అనేది. అంతే.

అయితే విన్నదల్లా నిలవదు. అర్థం తెలియాలి. ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మనీ శాస్త్రవేత్త 1885లో జ్ఞాపకశక్తి మీద ఒక పుస్తకం అచ్చువేశారు. తన మీద తానే పరీక్షలు చేసుకున్నారు. అర్థం లేని అక్షరాల గుంపులతో పోలిస్తే కవిత్వం దాదాపు పదో వంతు శ్రమతోనే వచ్చేసిందట. మన బైబిలు తెలుగు పాతది. “లేమి కలుగదు” అంటే పిల్లలకు అది అర్థం లేని అక్షరాల గుంపే. ముందు “నాకు ఏ లోటూ ఉండదు” అని మన మాటల్లో చెప్పండి. తర్వాత అచ్చులో ఉన్నది ఉన్నట్టే నేర్పండి. మాటలు మార్చి నేర్పడం నాకు ఇష్టం లేదు. రేపు గుడిలో అందరూ కలిసి చదివేటప్పుడు ఆ బిడ్డ గొంతు కలవాలి కదా.

తర్వాతి పని పుస్తకం మూసి చెప్పించడం. పదిసార్లు చూసి చదివితే వచ్చేసినట్టే ఉంటుంది, కానీ రాదు. మూడుసార్లు చదివి, మూసి, తడబడుతూనైనా చెప్పాలి. ఆ తడబాటులోనే పట్టు చిక్కుతుంది, గబుక్కున అందించకండి. మరీ ఆగిపోతే మొదటి అక్షరాలు చూపించండి. “యెహోవా నా కాపరి నాకు లేమి కలుగదు”కు పలక మీద యె, నా, కా, నా, లే, క అని రాస్తే చాలు. తెలుగు అక్షరాలు రాని పిల్లలకు ఒడియాలోనే రాయండి, తప్పేం లేదు. నూట పంతొమ్మిదో కీర్తన రాసిన భక్తుడు చేసింది ఇలాంటిదే. హెబ్రీలో 22 అక్షరాలు, అక్షరానికి ఎనిమిది వచనాలు, మొత్తం 176. ఆ ఎనిమిదీ ఆ అక్షరంతోనే మొదలవుతాయి. మన బైబిల్లో ఆలెఫ్, బేత్ అని ఆ అక్షరాల పేర్లు అచ్చువేసింది అందుకే. తెలుగులోకి వచ్చేసరికి ఆ పట్టుకొమ్మ పోయింది, మనం వేరేది వెతుక్కోవాలి.

ఇక మళ్లీ మళ్లీ గుర్తుచేసుకోవడం. టెక్కలి, పాతపట్నం, పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపూర్... ఈ స్టేషన్ల వరుస మనం ఎప్పుడూ బట్టీ పట్టలేదు. కొన్నాళ్లకోసారి రైలెక్కి, వింటూ వింటూ వచ్చేసింది. వాక్యం కూడా అంతే. ఇవాళ నేర్చుకున్నది రేపు అడగండి, మూడు రోజులకు అడగండి, వారానికి, నెలకు అడగండి. ఒక్కరోజే వందసార్లు వల్లె వేయించకండి. ద్వితీయోపదేశకాండం ఆరో అధ్యాయంలో ఇంట కూర్చున్నప్పుడు, త్రోవను నడుచునప్పుడు, పండుకొనునప్పుడు, లేచునప్పుడు అని ఉంది. తల్లులకు నేను చెప్పేది ఇదే. జడ వేస్తూ ఒకసారి, అన్నం పెడుతూ ఒకసారి అడగండి. పుస్తకం అక్కర్లేదు.

ఈ రెండు నెలలకు నూట ఇరవై ఒకటో కీర్తన తీసుకుందాం. ఎనిమిది వచనాలు, వారానికొకటి. మన చుట్టూ కొండలే కాబట్టి మొదటి మాట పిల్లలకు ఇట్టే అతుక్కుంటుంది. మొదటి వచనం ప్రశ్న, రెండోది జవాబు. మూడో వచనం చివర “కునుకడు” అని వస్తుంది, నాలుగోది “కునుకడు నిద్రపోడు” అంటుంది. గొలుసులా ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. పిల్లల్ని రెండు జట్లు చేసి ప్రశ్న, జవాబు చెప్పించండి. ముందూ వెనకా “కీర్తన నూట ఇరవై ఒకటి, ఒకటో వచనం” అని కూడా అనిపించండి, లేకపోతే వాక్యం ఉంటుంది, చోటు మరిచిపోతారు.

మనమే ఒకసారి చేసి చూద్దాం. బైబిళ్లు మూసేయండి. కిటికీ వైపు ఉన్నవాళ్లు “కొండలతట్టు నా కన్నులెత్తుచున్నాను, నాకు సహాయము ఎక్కడనుండి వచ్చును?” అని అడగండి. గుమ్మం వైపు ఉన్నవాళ్లు జవాబు చెప్పండి. అమ్మా, మీరు మొదలుపెట్టండి.